చెరిగిపోతే బాధపడలేదు, కోసుకెళ్తే ఆపేశాడు: కీత్ హేరింగ్ కథ



జాబ్ చేసే రోజుల్లో నేను రోజూ అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి మెట్రోలో వెళ్లేవాణ్ణి. స్టేషన్ నిండా యాడ్సే. అన్నేళ్లు చూసినా ఇప్పుడు ఒక్కటి కూడా గుర్తులేదు. ఒక్కసారి ఊహించుకోండి. ఒక రోజు పొద్దున్నే యాడ్ ఉండాల్సిన చోట నల్ల కాగితం, దాని మీద సుద్దముక్కతో గీసిన బొమ్మ. పాకుతున్న పసిబిడ్డ, చుట్టూ వెలుగు గీతలు. మీరైతే ఆగి చూస్తారా, ట్రైన్ వచ్చిందని పరిగెత్తుతారా?

1980ల మొదట్లో న్యూయార్క్ సబ్‌వేలో ఇది నిజంగానే జరిగింది. ఆ బొమ్మలు గీసినవాడు కీత్ హేరింగ్. ఈ రోజు అతని కథ చెప్పుకుందాం.

కీత్ 1958 మే 4న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో పుట్టాడు. వాళ్ల నాన్న ఇంజనీర్, సరదాగా కార్టూన్లు గీసేవాడు. కొడుక్కి బొమ్మలు నేర్పిందీ ఆయనే. కీత్ పిట్స్‌బర్గ్‌లో కమర్షియల్ ఆర్ట్ కోర్సులో చేరి, నచ్చక మధ్యలోనే మానేశాడు. బీటెక్ చదువుతూ "ఇది నా లైన్ కాదేమో" అనుకున్నవాళ్లకి ఆ ఫీలింగ్ తెలుసు.

అప్పుడే, 1977లో, అక్కడి మ్యూజియంలో బెల్జియం చిత్రకారుడు పియరీ అలెషిన్‌స్కీ ఎగ్జిబిషన్ చూశాడు. గోడంత పెద్ద బొమ్మలు, ఆగకుండా సాగిపోయే గీతలు. తను గీస్తున్న పిచ్చి గీతలు కూడా ఆర్టేనన్న నమ్మకం అక్కడే కుదిరింది. ఒక్క ఎగ్జిబిషన్ చూడటం వల్ల జీవితం మలుపు తిరిగిందన్నమాట. 1978లో న్యూయార్క్ వెళ్లి స్కూల్ ఆఫ్ విజువల్ ఆర్ట్స్‌లో చేరాడు.

ఇక అసలు విషయానికి వద్దాం. సబ్‌వేలో ఒక యాడ్ గడువు అయిపోతే, కొత్తది వచ్చేదాకా దాని మీద నల్ల కాగితం అంటించేవాళ్లు. ఒక రోజు కీత్ కంట్లో ఆ ఖాళీ కాగితం పడింది. వెంటనే పైకెళ్లి సుద్దముక్కలు కొనుక్కొచ్చి గీసేశాడు. అంతే, మొదలైంది. సుద్దతో గీస్తే తప్పు దిద్దుకోవడం కుదరదు, పోలీసులు వచ్చేలోపు అయిపోవాలి. అందుకే ఆ గీత అంత సూటిగా, వేగంగా ఉంటుంది. చాలాసార్లు పట్టుబడ్డాడు, బేడీలు కూడా పడ్డాయి. అయినా కొన్ని రోజుల్లో ముప్పై, నలభై బొమ్మలు గీసేవాడు.

కొన్నాళ్లకే వాటి మీద కొత్త యాడ్ వచ్చేసేది. బొమ్మ పోయేది. కీత్‌కి దాంతో పేచీ లేదు. మన ఇంటి ముందు ముగ్గు లాంటిదే కదా! మధ్యాహ్నానికి చెరిగిపోతుందని తెలిసీ అమ్మ రేపు మళ్లీ వేస్తుంది.

మరి అవి ఇవాళ మనకెలా తెలుసు? సెంగ్ క్వాంగ్ చీ అనే ఫొటోగ్రాఫర్ ఫ్రెండ్ వల్ల. కీత్ ఏ స్టేషన్లలో గీశాడో తెలుసుకుని, వెళ్లి వేల ఫొటోలు తీశాడు.

1982లో టోనీ షఫ్రాజీ గ్యాలరీలో కీత్ పెద్ద సోలో షో పెట్టాడు. ఈ షఫ్రాజీ ఎవరనుకున్నారు? 1974లో న్యూయార్క్ మ్యూజియంలో పికాసో 'గెర్నికా' మీద స్ప్రే పెయింట్ కొట్టి అరెస్టయిన మనిషి! షో సూపర్ హిట్. కానీ పేరుతో పాటు సమస్య కూడా వచ్చింది. సబ్‌వే బొమ్మల్ని జనం కోసుకెళ్లి అమ్మడం మొదలుపెట్టారు. అందరి కోసం గీసింది ఒకడి ఇంట్లోకి వెళ్లిపోతోంది. చెరిగిపోవడాన్ని ఒప్పుకున్న మనిషి దీన్ని మాత్రం ఒప్పుకోలేకపోయాడు. 1985 నాటికి సబ్‌వేలో గీయడం ఆపేశాడు.

1986లో 'పాప్ షాప్' తెరిచాడు. తక్కువ ధరకి టీ షర్టులు, బ్యాడ్జీలు. "అమ్ముడుపోయాడు" అని విమర్శలు వచ్చాయి. కానీ అతని లాజిక్ సింపుల్: పెయింటింగ్ కొనలేనివాడు బ్యాడ్జీ అయినా కొనుక్కోగలడు కదా!

అదే ఏడాది హార్లెమ్‌లో కొకైన్ మత్తుకి వ్యతిరేకంగా, పర్మిషన్ లేకుండా ఒక గోడకి రంగులేశాడు. కేసు, జరిమానా. బొమ్మ పోయింది. తర్వాత సిటీ పార్కుల శాఖే పిలిచి మళ్లీ వేయించింది! అక్టోబర్‌లో బెర్లిన్ గోడ మీద సుమారు 100 మీటర్ల బొమ్మ, చేయీ కాలూ కలుపుకున్న మనుషుల గొలుసు. దాని మీద కూడా త్వరలోనే వేరేవాళ్లు రంగులేశారు.

1988లో ఎయిడ్స్ అని తేలింది. అప్పట్లో సరైన మందు లేదు. జబ్బు పేరెత్తడానికే జనం భయపడేవాళ్లు. కీత్ దాచుకోలేదు. 1989లో ఫౌండేషన్ పెట్టాడు, ఎయిడ్స్ సంస్థలకీ పిల్లలకీ సాయం చేయడానికి. అదే ఏడాది ఇటలీలోని పీసాలో చర్చి వెనక గోడ మీద 'టుట్టోమోండో' వేశాడు. తెలుగులో చెప్పాలంటే 'మొత్తం ప్రపంచం'. 180 చదరపు మీటర్లు, 30 బొమ్మలు. చెరిగిపోయే బొమ్మలతో మొదలైన మనిషి, చివర్లో నిలిచిపోవాలని వేసిన గోడ అది. ఇప్పటికీ ఉంది, టికెట్ లేకుండా చూడొచ్చు.

1990 ఫిబ్రవరి 16న కీత్ చనిపోయాడు. వయసు 31. నెల తిరగకముందే, అదే జబ్బుతో, ఫొటోగ్రాఫర్ సెంగ్ కూడా పోయాడు.

2024 నవంబర్‌లో న్యూయార్క్ సోథబీస్ వేలంలో 31 సబ్‌వే బొమ్మలు 90 లక్షల డాలర్లకు పైగా పలికాయి. ఫ్రీగా గీసిన సుద్ద గీతలు, ఫ్రెండ్స్! కోసుకెళ్లకపోతే అవి మిగిలేవి కావు, అదీ నిజమే. మరి అవి ఎవరివి? కొన్నవాళ్లవా, ఆ రోజు ప్లాట్‌ఫామ్ మీద నిలబడి చూసినవాళ్లవా? నాకైతే చూసినవాళ్లవే అనిపిస్తుంది. మీరేమంటారో కామెంట్‌లో చెప్పండి. ఈసారి మీ వీధిలో గోడ మీద బొమ్మ కనిపిస్తే, ఫోన్ జేబులో పెట్టి ఒక్క నిమిషం ఆగి చూడండి. రేపటికి ఉండకపోవచ్చు.