గీత దాటిన చీరాల

పన్ను నచ్చనివాళ్లు అర్జీ పెట్టుకుంటారు. అది చెల్లకపోతే కట్టబోమని మొండికేస్తారు. అప్పటి గుంటూరు జిల్లాలోని చీరాల, పేరాల జనం ఈ రెండూ చేసి చూశారు, కొందరు జైలుకూ వెళ్లొచ్చారు. చివరికి 1921 ఎండాకాలంలో ఊరే ఖాళీ చేశారు.

గొడవంతా మునిసిపాలిటీతో వచ్చింది. అంతకుముందు చీరాల యూనియన్ కింద ఏడాదికి 4 వేల రూపాయల పన్ను పోగయ్యేది. మద్రాసు ప్రభుత్వం ఈ ఊళ్లను కలిపి మునిసిపాలిటీ చేసేసరికి అది 40 వేల దాకా పెరిగే లెక్క తేలింది. పారిశుద్ధ్యం బాగుపడుతుందని సర్కారు మాట. మగ్గం మీద బతికేవాళ్లు, చిల్లర వ్యాపారులు ఎక్కువగా ఉన్న ఊరు అది. ఆ సేవా వద్దు, ఈ పన్నూ వద్దన్నారు. అప్పటికి ఈ వ్యవహారం చూసే శాఖ భారతీయ మంత్రి చేతికి వచ్చింది, దాని పేరు స్థానిక స్వపరిపాలన. కౌన్సిలర్లు రాజీనామాలు చేసి పోతే, జీతమిచ్చి ఛైర్మన్‌ని పెట్టి మరీ ఆ స్వపరిపాలన సాగించారు!

ఉద్యమానికి పెద్ద దిక్కు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడిన్‌బరోలో చదివి వచ్చిన మనిషి. రామదండు పేరుతో వాలంటీర్లను కూడగట్టాడు. 1921 ఏప్రిల్‌లో బెజవాడ కాంగ్రెస్ సమావేశం ముగిశాక గాంధీ చీరాల వచ్చి రెండు దారులు చెప్పాడు. శాంతియుతంగా పన్ను కట్టకపోవడం ఒకటి, మునిసిపల్ హద్దు దాటి వెళ్లిపోవడం రెండోది. కాంగ్రెస్ నుంచి డబ్బు సాయం మాత్రం ఆశించవద్దన్నాడు. గోపాలకృష్ణయ్య రెండో దారి పట్టాడు. దాదాపు 15 వేల జనాభాలో 13 వేల మందికి పైగా హద్దు అవతల పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరే రామ్‌నగర్. సొంత పంచాయతీ పెట్టుకుని తగాదాలు తామే తీర్చుకున్నారు.

సర్కారు జోక్యాన్ని ఎప్పుడూ అనుమానంగా చూసే స్వేచ్ఛావాదులకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. అడగని సేవకు బలవంతంగా డబ్బు గుంజకూడదు, నచ్చనివాడికి తప్పుకునే వీలుండాలి అన్నది వాళ్ల వాదం. రామ్‌నగర్ జనం ఒక్క రాయి విసరకుండా ఆ పని చేసి చూపించారు. అయితే చిక్కూ ఇక్కడే ఉంది. మనిషి కదులుతాడు గానీ ఇల్లు కదలదు. ఏళ్ల తరబడి కట్టుకున్న గోడలు, పొలాలు, దుకాణాలు గీతకు ఇవతలే ఉండిపోయాయి. సర్కారు పెద్దగా చేయాల్సిందేమీ లేదు, కాచుకుని కూర్చుంటే చాలు. పాకల్లో ఎండా వానా భరించిన జనానికి డబ్బు కటకటైంది. బరంపురంలో నిషేధాజ్ఞ ధిక్కరించినందుకు గోపాలకృష్ణయ్యకు ఏడాది జైలు పడింది. సుమారు పదకొండు నెలల తర్వాత అందరూ ఇళ్లకు తిరిగొచ్చారు. మునిసిపాలిటీ నిలిచింది.

1922 మొదట్లో అదే గుంటూరు జిల్లాలోని పెదనందిపాడు ఫిర్కా రైతులు ఊరు వదలకుండానే శిస్తు ఆపేశారు. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకుడు. గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చారు. జప్తు చేసిన సొత్తుకు వేలం పాట పాడేవాడు కరువయ్యాడు. జప్తుకు బలం తుపాకీ ఒక్కటే కాదు, పొరుగువాడి ఆస్తిని చౌకగా కొట్టేయడానికి ఎవడో ఒకడు ముందుకు రావాలి. అందుకే సర్కారుకు చీరాల కన్నా పెదనందిపాడే గట్టి తలనొప్పి అనిపిస్తుంది. చౌరీచౌరా హింస తర్వాత గాంధీ శాసనోల్లంఘన ఆపేయడంతో అదీ సద్దుమణిగింది.

రైతు ఆస్తి తరఫున తర్వాత గొంతెత్తిన ఎన్.జి. రంగా కూడా ఆ జిల్లావాడే, నిడుబ్రోలు రైతు బిడ్డ. నాగపూర్ కాంగ్రెస్ సమష్టి సహకార సేద్యానికి తీర్మానించాక, 1959లో రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి అధ్యక్షుడయ్యాడు. రైతు భూమి రైతుదేనన్నది ఆ పార్టీ పట్టు. అయినా 1978లో ఆస్తిహక్కును ప్రాథమిక హక్కుల నుంచి తీసేసింది జనతా ప్రభుత్వం. ఆ ప్రభుత్వంలో ఆర్థికమంత్రి హెచ్.ఎం. పటేల్ ఒకప్పటి స్వతంత్ర పార్టీ నాయకుడే.