చిన్న రైలుకు కొండలూ నేలా

రైలు బొమ్మకు చరిత్ర పెద్దది. దాని క్రింద ఉండవలసిన నేలకు మాత్రం చరిత్ర చాలా ఆలస్యంగా మొదలయినది. 1891లో జర్మనీ దేశపు మార్క్‌లిన్ కంపెనీ లైప్‌జిగ్ సంతలో ఒక నిర్ణీతమైన కొలత గల పట్టాలను, వాటిపై నడిచే బండ్లను ప్రదర్శించినది. 1920లో ఇంగ్లండులో హార్న్‌బీ తన స్ప్రింగు రైళ్ళను అమ్మకానికి తెచ్చినాడు. ఇంజనులో ప్రతి చక్రమూ, ప్రతి గొట్టమూ చక్కగా ఉండేవి. కాని ఆ రైలు పోయేది చాప మీదనో, బల్ల మీదనో. కొండా లేదు, కాలువా లేదు.

మన ఇండ్లలోని సంక్రాంతి బొమ్మల కొలువుది దీనికి సరిగ్గా ఎదురు కథ. అక్కడ రైలు ఉన్నా లేకపోయినా నేల ఉంటుంది. పళ్ళెంలో మొలిపించిన ఆవాలు పైరవుతాయి; అద్దపు ముక్క చెరువవుతుంది; ఇసుక కుప్ప గుట్ట అవుతుంది. కొండపల్లి పనివారు చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి చేసే మక్కుతో కొయ్య బొమ్మలకు అవయవాలు అతుకుతారు. ఆ మక్కుతోనే చిన్న గుట్ట కూడా చేయవచ్చును.

నేలకు రైలుతో సమానమైన గౌరవం ఇచ్చిన తొలి వారిలో ఇంగ్లండు వాడైన జాన్ ఆహెర్న్ ఒకడు. 1930 దశకం చివర ఆయన మొదలుపెట్టిన ‘మ్యాడర్ వ్యాలీ’ రైలు దారికి నది, రేవు, ఊళ్ళు, మురికి పట్టిన గోడలు అన్నీ ఉన్నవి. ఆస్ట్రేలియా నుండి 1925లో ఇంగ్లండు చేరిన రాయ్ ఇంగ్లండ్ అనే యువకుని ఉద్దేశం ఇంకొకటి. పల్లెలలోని పాత గడ్డి ఇండ్లు కండ్లముందే మారిపోవడం చూచి, అవి పోకముందే కొలతలు తీసి చిన్నవిగా కట్టి దాచాలనుకొన్నాడు. 1954లో లాంగ్ విటెన్‌హామ్ గ్రామంలో ఆయన నెలకొల్పిన పెండన్ మ్యూజియం ఆ పని నేటికీ చేస్తున్నది. అమెరికాలో జాన్ అలెన్ నేల నుండి పైకప్పు దాకా పర్వతాలు లేపినాడు. 1973 జనవరిలో ఆయన మరణించిన కొద్ది రోజులకే ఆ పర్వతాలు అగ్నికి ఆహుతి అయినవి.

ఇక మన వైపు చూతము. ఖమ్మం నుండి తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడుల మీదుగా కొత్తగూడెం పోయే రోడ్డుకు ఉత్తరంగా కారేపల్లి–కొత్తగూడెం రైలు మార్గం ఉన్నది. దాని చివరి స్టేషను పేరు భద్రాచలం రోడ్. భద్రాచలం మాత్రం ఇంకా దూరాన గోదావరి ఒడ్డున ఉన్నది! ఈ రైలు భక్తుల కోసం కన్న బొగ్గు కోసం పుట్టినది. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ కింగ్ ఇల్లెందు వద్ద బొగ్గును కనుగొన్నాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ గనుల హక్కులు పొందినది. 1888 నాటికి నైజాం రైలు డోర్నకల్ మీదుగా సింగరేణికి చేరినది. కారేపల్లి నుండి కొత్తగూడెం శాఖ 1927లో వచ్చినది.

ఒక పాఠశాలలో ఈ మార్గాన్ని చిన్నదిగా కట్టదలచితే మొదట తేల్చుకోవలసినది ఇంజను కాదు, రాయి. ఖమ్మం కోట ఉన్న స్తంభాద్రి గుట్ట గ్రానైటు జాతిది. అది ఉల్లిపొర వలె పెచ్చులూడి గుండ్లుగా మారుతుంది. కొత్తగూడెం వైపు ఇసుకరాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఆ పొరల మధ్యనే బొగ్గు దాగి ఉన్నది. సుమారు 25 కోట్ల సంవత్సరాలు దాటిన ఈ పొరలను చదివే కింగ్ వంటి వారు బొగ్గును వెదకగలిగినారు. కొత్తగూడెం కటింగులో గుండ్రని గ్రానైటు గుండ్లు పెట్టిన బాలుడు అందమైన కొండను చేసి ఉండవచ్చును గాని, ఆ రైలు అక్కడికి ఎందుకు వచ్చినదో చెప్పే సాక్ష్యాన్ని తుడిచివేసినాడన్నమాట.

రాయి చేయడంలో ప్రకృతి ఒక సాయం చేస్తుంది. రాతి పగుళ్ళకు పెద్దా చిన్నా భేదం లేదు. పిడికెడు రాయి ముఖం కొండ చరియ ముఖాన్ని పోలి ఉంటుంది. అందుకే భూగర్భ శాస్త్రజ్ఞులు రాళ్ళను ఫోటో తీసేటప్పుడు ప్రక్కన సుత్తి ఉంచుతారు; లేకుంటే పరిమాణం తెలియదు. తగిన రాతిపై ద్రవ రబ్బరును పొరలు పొరలుగా పూసి, ఆరిన తరువాత ఒలిచితే అచ్చు వస్తుంది. అందులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోయాలి. జిప్సమ్‌ను 150 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతంలో కాల్చితే దానిలోని నీటిలో ముప్పాతిక వంతు పోయి ఈ పొడి వస్తుంది. నీరు కలిపినప్పుడు మళ్ళీ స్ఫటికాలై గట్టిపడుతూ కొంచెం వ్యాకోచిస్తుంది. అందువల్ల అచ్చులోని సన్నని గీతలోకి కూడా పోయి నిండుతుంది. వంతెన రాతి కట్టుబడికి ఇదే ప్లాస్టరు పలకపై సూదితో వరుసలు గీయవచ్చును. క్రింది వరుసలోని అతుకు మీద పై వరుసలోని అతుకు పడరాదు. మేస్త్రీ ఒప్పుకోని గోడను చూపరులూ ఒప్పుకోరు. చివర నీళ్ళ వంటి నల్లరంగు పోస్తే అది పగుళ్ళలో దిగి నీడ అవుతుంది.

కొలతల సంగతి కొంచెం చిక్కు. మన బ్రాడ్‌గేజి వెడల్పు 1676 మిల్లీమీటర్లు. 76వ వంతు నమూనాలో అది 22 మిల్లీమీటర్లు కావాలి. కాని ఆ కొలత బండ్లకు బజారులో దొరికే పట్టాల వెడల్పు 16.5 మాత్రమే. చూచేవాడు ఇదేదో మీటరుగేజి అనుకొనును! కంకరకు ఈ బాధ లేదు. అసలు కంకర రాయి 20 నుండి 65 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది గనుక, నమూనాలో అర మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉన్న ఇసుక చాలును. దానిని జల్లించి పరచి, నీటితో పలుచన చేసిన తెల్ల జిగురును చుక్కలుగా వదలాలి. జిగురులో కొంచెం సబ్బు కలిపితే తలతన్యత తగ్గి, అది ఇసుకపై గుండ్రంగా నిలువక లోనికి ఇంకుతుంది.

మరొక విశేషం: పొడి ఇసుకను ఎంత ఎత్తు పోసినా దాని వాలు 30–35 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. గుప్పెడు పోసినా అంతే, లారీలతో పోసినా దాదాపు అంతే. కొత్తగూడెం గౌతం ఖని వంటి ఓపెన్‌కాస్టు గనుల ప్రక్కన లేచిన మట్టి గుట్టలను చెక్కనక్కర లేదు. గరాటుతో మట్టి పోస్తే చాలు. వాలు దానంతట అదే వచ్చును. ఆ గుట్టల చోట ఒకప్పుడు ఉన్న టేకు, మద్ది, ఇప్ప, తునికి చెట్లను మాత్రం ఒక్కొక్కటిగా చేతితో చేయాలి. ఆ పని నెలలు పట్టును.

నేలకు జూలూరుపాడు ఎర్ర మట్టినే వాడవచ్చును. ఎండబెట్టి సన్నని గుడ్డలో జల్లించాలి. జిగురు తగిలితే రంగు ముదురుతుంది. కనుక చూచిన నేల కన్న కొంచెం లేత మట్టిని ఎన్నుకొనవలెను. పరచే ముందు ఆ మట్టిలో ఒక అయస్కాంతాన్ని రెండు మూడు సార్లు త్రిప్పాలి. వాగు ఇసుకలోను, మట్టిలోను ఉండే నల్లని మాగ్నటైటు రేణువులు దానికి అంటుకొని వచ్చును. వాటిని తీయకుంటే అవే ఇంజను మోటారులోని అయస్కాంతానికి పట్టుకొని, రైలును దారిలో ఆపివేయును.