గోడ నల్లుకొన్న నీలిపూల తీగ

ఆకు పూర్తిగా తొడుగకముందే మన రేలపూలవలె గుత్తులుగుత్తులుగా వ్రేలాడుచు, మే నెలలో ఆంగ్లదేశపు ఇటుకగోడలను ఊదానీలపు కాంతితో నింపు విస్టీరియాలత ఆ నేలను పుట్టినది కాదు. తేయాకు పెట్టెలు మోయు ఓడలపై చైనానుండి వచ్చి చేరినది.

ఆ కాలమున చైనా ప్రభుత్వము పాశ్చాత్య వర్తకులను క్యాంటన్ రేవు దాటి లోనికి పోనిచ్చెడిది కాదు. కావున వారికి ఆ దేశపు మొక్కలు లభించినది అరణ్యములందు గాక, ఉద్యానములందే. ఈస్టిండియా కంపెనీ తేయాకు పరీక్షకుడగు జాన్ రీవ్స్ ప్రోద్బలమున, కాన్సీక్వా యను చీనా వర్తకుని తోటనుండి గైకొన్న మొక్కలు 1816 మే నెలలో కప్తానులు వెల్‌బాంక్, రాస్ గార్ల ఓడలలో ఇంగ్లండు చేరినవి. మొక్కలను భద్రముగా దాటించు వార్డు గాజుపెట్టె యింకను పుట్టని దినములవి. ఉప్పుగాలికి మాడి, మంచినీటి కరవున ఎండి, దారిలోనే నశించిన మొక్కల కంతు లేని ఆ కాలమున, నెలల తరబడి సాగిన యానమునకు తాళి ఈ తీగ బ్రతికి బట్టకట్టుట సామాన్యము కాదు.

ఇక పేరు సంగతి. అమెరికాలో పుట్టిన దీని సోదరజాతికి వృక్షశాస్త్రజ్ఞుడు థామస్ నట్టల్ 1818లో, ఫిలడెల్ఫియా వైద్యాచార్యుడు కాస్పర్ విస్టార్ స్మృత్యర్థము పేరిడగా, ఆ పేరే చీనా తీగకును సంక్రమించెను. విస్టార్ మహాశయుని యెడ నాకు గౌరవమే. కాని తన తోటలోని తీగను ఖండాంతరమునకు పోనిచ్చిన కాన్సీక్వా పేరు పూవునందెచ్చటను నిలువకపోవుట నా మనస్సునకు కష్టముగనే యుండును.

వేడిదేశపు సుకుమారి యని భ్రమించి తొలుత దీనిని వెచ్చని గాజుగృహములందు పెంచిరి. అది చలికి ఓర్వగలదని, కావలసినదెల్ల ఎండ తగులు గోడయేయని పిదప తెలిసెను. రాబోవు వసంతపు మొగ్గ ముందటి వేసవియందే కొమ్మలో రూపొందును. పగలు గ్రహించిన వేడిని రాత్రి విడుచుచు దక్షిణముఖమైన గోడ ఆ కొమ్మను పండించి, మొగ్గలను ఆలస్యపు మంచునుండి కాపాడును. లండన్ ప్రాంతమగు చిజిక్‌లోని ఉద్యాన సంఘపు తోటలో, రెండు దశాబ్దములు దాటినంతనే ఒక్క తీగ దాదాపు 180 అడుగులు సాగి గోడను కప్పివేసినది!

ఇంతటి విజృంభణమును తోటమాలి కత్తెర యదుపులో నుంచవలసియున్నది. వేసవి చివర కొత్తరెమ్మలను అయిదారాకుల వరకు, శీతకాలమున మరల రెండు మూడు కణుపుల వరకు కత్తిరించి, గోడకు బిగించిన లోహపు తీగెలకు కట్టుదురు. గింజనాటిన మొక్క పూయుటకు పదిపదునైదేండ్లు పట్టవచ్చును. అందుచే తెలిసినవారు అంటుమొక్కనే కోరుదురు. ఆ చిజిక్‌లోనే, ఒక పాత బీరు తయారీశాల గోడపై, 1816 నాటిదని ప్రతీతిగల తీగ ఏటేట పూయుచునే యున్నది.