గాలిమర కొంటే గన్ను ఉచితం



పోయినేడు జొన్న కంకి పాలు పోసుకునే టైములో మా తమ్ముడి కొడుకు చిలకల్ని బెదిరిస్తానని ఎయిర్‌గన్ను తెచ్చాడు. బోరు పైపుకి గురిపెట్టి కొట్టాడు. ఇనప గుండు అంతే వేగంగా తిరిగొచ్చి నా కంటి కింద తగిలింది. అంగుళం పైకైతే కన్ను పోయేది. "బొమ్మ తుపాకే కదా పెదనాన్నా" అన్నాడు వాడు, బిక్కమొహం వేసుకుని. ఆ బొమ్మ సంగతేంటో తెలుసుకుందామని చదివాను. చిత్రమేమంటే, దాని పుట్టుక వెనక ఉన్నది మనలాంటి రైతులే.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, ప్లిమత్ అనే చిన్న ఊరు. 1882లో అక్కడ ఇనప గాలిమరల కంపెనీ పెట్టారు. బావి నీళ్ళు తోడటానికి రైతులకి గాలిమరలు అమ్మేవాళ్ళు. 1888 ప్రాంతంలో క్లారెన్స్ హామిల్టన్ అనే ఆయన పూర్తిగా లోహంతో చేసిన గాలి తుపాకి పట్టుకొచ్చాడు. మేనేజరు లూయిస్ హఫ్ పేల్చి చూసి 'డైజీ' అన్నాడట. అది చేమంతి లాంటి పువ్వు పేరు. అప్పటి వాళ్ళ వాడుకలో 'భలేగుంది' అని అర్థం. గాలిమర కొన్న రైతుకి గన్ను ఉచితం అన్నారు. మనకి విత్తనాల కొట్లో టీషర్టు ఇచ్చినట్టే. తీరా జనం గాలిమర వదిలేసి గన్నే అడగటం మొదలెట్టారు. 1895లో కంపెనీ పేరే డైజీ అయింది.

ఇందులో మందు ఉండదు. స్ప్రింగు వదిలితే పిస్టను గాలిని నొక్కుతుంది, ఆ గాలి గుండుని తోస్తుంది. మన సైకిలు పంపు సూత్రమే. బీబీ అంటే గుండ్రటి గుండు. పెల్లెట్ అంటే నడుము సన్నగా ఉండే మెత్తటి సీసపు గుండు. పొగ లేదు, చప్పుడు తక్కువ. అందుకే ఈ ఆట ఇంట్లోకొచ్చింది. ఇంగ్లండులో సారా దుకాణాల్లో ఇనప పలకకి చిన్న బెజ్జం పెట్టి, వెనక గంట కట్టేవాళ్ళు. గంట మోగితే గురి కుదిరినట్టు.

1984లో ఇది ఒలింపిక్స్‌కి ఎక్కింది. దూరం 10 మీటర్లు, అంటే 33 అడుగులు. రైఫిల్ టార్గెట్‌లో 10 పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, గసగసాల గింజంత. 2008లో అభినవ్ బింద్రా బంగారం కొట్టిందీ, 2012లో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిందీ ఈ ఆటలోనే. హైదరాబాదు పిల్ల ఈషా సింగ్ 2018లో, 13 ఏళ్ళకే, ఎయిర్ పిస్టల్‌లో సీనియర్ జాతీయ ఛాంపియన్ అయింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 4 పతకాలు తెచ్చింది. అందులో 2 ఎయిర్ పిస్టల్‌వే.

వీళ్ళు గెలిచింది తుపాకి బలంతో కాదు. ఊపిరి నిలిపి, చెయ్యి వణక్కుండా నిలబడటంతో. కోటప్పకొండ తిరనాళ్ళలో బెలూన్లు కొట్టిన చేతులు మన పిల్లలకీ ఉన్నాయి. కావాల్సింది నేర్పే మనిషి, నాలుగు గోడలు.

ఇప్పుడు మావాడు పత్తి గదిలో కాలుస్తున్నాడు. చెక్కపెట్టెలో పాత గుడ్డలు కుక్కి, ముందు కాయితం అంటించాం. సీసపు గుండ్లే. కళ్ళద్దాలు తప్పవు, తలుపుకి గడియ, పక్కన పెద్దవాళ్ళు. సీసం విషం గనక అయ్యాక చేతులు సబ్బుతో కడగాలి.

ఇక చేలో మాత్రం వద్దు. చిలకని చంపితే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. వాటిని తోలటానికి మన తాతల వడిసెల చప్పుడు, డబ్బా మోత చాలు.

మీ ఇంట్లో గన్ను ఉంటే ఈ రాత్రికే అది ఎక్కడుందో చూసుకోండి. పిల్లకి అందేచోట ఉంటే తీసి బీరువాలో పెట్టండి.