వంపు తీసిన లోహము

దిల్‌సుఖ్‌నగర్ ప్రక్కనున్న సరూర్‌నగర్ చెరువును 1626లో త్రవ్వించినారని చెప్పుదురు. అట్టి మన చెరువులలో చేపలు పట్టుటకు వలయు, వెదురు గాలమును వాడుక. గాలపు దారమును చుట్టెడి రీలు వెలుపలినుండి వచ్చినది. చైనా చిత్రకారుడు మా యువాన్ సుమారు 1195లో గీసిన చిత్రములోనే అది కనిపించును. ఆంగ్లేయుల కాలములో ఇత్తడి రీళ్లు మన దేశమునకు వచ్చినవి. మద్రాసు రాజధానిలో ఉద్యోగియైన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అను గ్రంథము వ్రాసినాడు.

రెండు గుండ్రని పలకలు, వాటిని కలుపు కడ్డీలు – ఇదే రీలు చట్రము. దాని నడుమ దారపు కండె తిరుగును. రీలు రాతిమీద పడి చట్రము కొద్దిగా వంగినను కండె అంచు పలకకు రాచుకొనును. పాత రీలు కొన్నవారు వంపు తీసి, కండె తిరిగినంతనే పని ముగిసినదనుకొందురు. నిజముగా ముగిసినదా?

లోహమును కొద్దిగా వంచి వదలినచో యథాస్థితికి వచ్చును. ఒక హద్దు దాటినచో వంపు నిలిచిపోవును. ఒక దిశలో హద్దు దాటిన లోహము, ఎదురు దిశలో ముందుకంటె తక్కువ బలమునకే లొంగునని మ్యూనిక్ ఆచార్యుడు యోహాన్ బౌషింగర్ 1886లో ప్రకటించినాడు. అందుచేతనే వంపు తీయబోయిన చేయి ఎదురు వంపు తెచ్చును. పలుమార్లు అటునిటు వంచినచో లోహము గట్టిపడి విరుగును. కారణమేమి? స్ఫటికములోని పరమాణువుల వరుసలలో లోపములుండును. అవి జరుగుటవలన లోహము వంగును, అవి పెరిగి ఒకదానికొకటి అడ్డుపడినచో గట్టిపడును. ఈ సంగతిని 1934లో టేలర్, ఒరొవాన్, పొలాన్యీ వేరువేరుగా వివరించిరి.

వంపు పోయినను లోపల కొంత ప్రతిబలము మిగిలియుండును. భారతదేశములో ఆంగ్ల సైన్యము వానకాలమున గుర్రపుసాలలలో దాచిన ఇత్తడి తూటా గొట్టములు వాటంతట అవే పగిలెను. తయారీలో మిగిలిన ప్రతిబలము, గుర్రపు మూత్రమునుండి వచ్చు అమోనియా, ఈ రెండును కలిసినందున అట్లు జరిగినదని 1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ తేల్చిరి.

కనుక ఇత్తడి చట్రమును విడదీసి, చెక్క దిమ్మెల నడుమ నిదానముగా, వీలైనంతవరకు ఒకేమారు సరిచేయవలెను. తరువాత సుమారు 250 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటసేపు ఉంచినచో ప్రతిబలము చాలవరకు తగ్గును. తగరపు టంకమున్న భాగములను మాత్రము ఇంత వేడిచేయరాదు. అల్యూమినియపు పోత చట్రములు వంచబోగానే పగులవచ్చును. వాటిని మార్చుటయే మేలు.

దిల్‌సుఖ్‌నగర్‌కు అనతిదూరమున, కంచన్‌బాగ్‌లో రక్షణ లోహ పరిశోధనశాల ఉన్నది. అది 1963లో హైదరాబాదులో నెలకొన్నది. అచ్చటి మేలిరకపు లోహములకును, ఈ చిన్న రీలుకును సూత్రమొక్కటే: కంటికి తిన్నగా కనిపించినంత మాత్రమున లోహము నిక్కముగా బాగుపడినదని తలపరాదు.