దబీరు చదువు: బీదరు మదరసా, మహమూద్ గవాన్ పుస్తకాలు

సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు పనిలో పదునెక్కడానికీ, పదిమంది చేత పని చేయించే బాధ్యతకు తగినవారు కావడానికీ చదవవలసినవిగా ఆ వృత్తిలో తలపండినవారు చెప్పే పుస్తకాలు రెండు తెగలుగా కనిపిస్తాయి. డొనాల్డ్ నూత్ 1968లో తొలి సంపుటం వెలువరించిన ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’, కెర్నిఘన్, ప్లాగర్ 1974లో రాసిన ‘ది ఎలిమెంట్స్ ఆఫ్ ప్రోగ్రామింగ్ స్టైల్’ మొదటి తెగకు చెందినవి. లెక్క తప్పకుండా, చదివేవారికి తేటగా ఉండేటట్టు ప్రోగ్రాము రాయడం అవి నేర్పుతాయి. ఐబీఎం సిస్టమ్/360 కంప్యూటర్లకు ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణాన్ని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ ఆ అనుభవంతో 1975లో ప్రచురించిన ‘ది మిథికల్ మ్యాన్-మంత్’ రెండో తెగలో మొదటి వరుసది. వెనకబడిన పనికి కొత్త మనుషులను చేరిస్తే అది మరింత వెనకబడుతుందని, కొత్తవారికి విషయం బోధపరచడానికీ, ఒకరితో ఒకరు సంప్రదించుకోవడానికీ పట్టే కాలమే అందుకు ముఖ్య కారణమని ఆయన అందులో వివరించాడు. ఈ రెండు రకాల చదువూ ఒకే మనిషికి కావాలన్న భావన దక్కనులో అయిదు వందల ఏళ్ల కిందటే వేళ్లూనుకుంది; దానికి ఆనవాళ్లుగా బీదరులో ఒక కట్టడం, ఆ కట్టడాన్ని నిలిపినవాడు రాసిన రెండు గ్రంథాలు నేటికీ మిగిలి ఉన్నాయి.

ఆనాడు ఆ చదువు అవసరపడినవాడు దబీరు. రాజు పేరున ఉత్తరాలు, ఫర్మానాలు కూర్చి రాసే పారశీక లేఖకుడిని దబీరు అనేవారు. విజయనగర రాజ్యంలో రాయసంవారు చేసిన పని కూడా ఇంచుమించు ఇటువంటిదే. లేఖలను కూర్చే విద్యకు ఇన్షా అని పేరు. సమర్ఖండుకు చెందిన నిజామీ అరూజీ 12వ శతాబ్ది నడుమ రాసిన ‘చహార్ మఖాలా’, అనగా నాలుగు ప్రసంగాలు, రాజుకు విడదీయరాని దబీరు, కవి, జ్యోతిష్కుడు, వైద్యుడు అనే నలుగురిని గురించిన గ్రంథం కాగా, అందులో మొదటి ప్రసంగం దబీరుదే. దబీరు ఏమేమి చదవాలో అక్కడ వరసగా చెప్పబడింది: ఖురాను, ప్రవక్త వచనాలు, అరబ్బుల సామెతలు, సాహిబ్ ఇబ్న్ అబ్బాద్ వంటి మంత్రుల లేఖలు, హరీరీ మఖామాలు, ముతనబ్బీ, రూదకీల కవిత్వం, ఫిరదౌసీ షానామా. వృత్తిలోకి అడుగుపెట్టేవారికి పెద్దలు ఇచ్చే పుస్తకాల పట్టికల్లో ఇది చాలా పాతది. పైగా ఇందులో లేఖనానికి సంబంధించిన గ్రంథాల కంటే వృత్తికి బయటివే ఎక్కువగా ఉండడం గమనించదగ్గ విషయం.

తెలుగునాట కూడా ఇటువంటి ప్రయత్నం జరిగింది. బహమనీలు బీదరులో స్థిరపడిన 15వ శతాబ్దిలోనే మడికి సింగన కామందకం, పంచతంత్రం, ముద్రామాత్యం, బద్దెన నీతి మొదలైన వాటినుంచి పద్యాలు ఏరి ‘సకలనీతిసమ్మతము’ అనే సంకలనం కూర్చాడు. రాజు, మంత్రి, దండనాయకుడు, కరణం చదవవలసిన వాటిని ఒకచోట చేర్చిన ఆ గ్రంథం, అప్పటికే అరుదైపోతున్న కొన్ని కృతుల పద్యాలను కాపాడిందన్న కారణంగానే ఎక్కువగా తలచబడుతున్నది. అధికారంలో ఉన్నవాడికి ఏది అవసరమో తేల్చి, మిగిలినది వదిలిన సింగన వివేకానికి కూడా అంతే గౌరవం దక్కాలి.

ఈ విషయంలో బీదరు ప్రత్యేకత మహమూద్ గవాన్. ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతంలో పుట్టిన ఈయన 1453లో వర్తకుడిగా దాభోలు రేవులో దిగి, బీదరు చేరి, బహమనీ సుల్తానుల కొలువులో పైకి ఎదిగి, ‘మలికుత్తుజ్జార్’, అనగా వర్తకులకు అధిపతి అనే బిరుదు పొంది, 1466 నుంచి 1481 వరకు రాజ్యభారం వహించాడు. నాలుగు పెద్ద రాష్ట్రాలను ఎనిమిదిగా విడగొట్టడం, ఆ క్రమంలో తెలంగాణను వరంగల్లు, రాజమహేంద్రవరాలుగా పంచడం, ఒక్కొక్క తరఫ్‌దారుకు, అంటే రాష్ట్రాధిపతికి, ఒక్క కోటను మాత్రమే విడిచి తక్కినవాటిలో కిల్లేదార్లను నేరుగా కేంద్రంనుంచే నియమించడం ఆయన చేసిన సంస్కరణలు. ఒక్కడి చేతిలో మితిమీరిన అధికారం పోగుపడితే మొత్తం వ్యవస్థకే చేటని ఆయన గ్రహించాడనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ఇన్ని పనుల నడుమ ఆయన ‘మనాజిరుల్ ఇన్షా’ అనే శాస్త్రగ్రంథం రాశాడు. తన లేఖలను ‘రియాజుల్ ఇన్షా’ పేరున కూర్చాడు. మొదటిది పనితనానికి చెందినది: ఉత్తరానికి ఉండే భాగాలు, అందుకునేవాడి హోదాను బట్టి మారే సంబోధనలు, పత్రాల రకాలు, మాటల పొందిక అందులో చర్చించబడ్డాయి. రెండోది ఆ విద్య ఆచరణలో ఎలా ఉంటుందో చూపుతుంది. ఒట్టోమన్ సుల్తాను రెండో మహమ్మదుకు, హెరాత్‌లోని కవి జామీకి పంపిన లేఖలతోపాటు, కుమారులకు చెప్పిన హితవులు, 1472లో గోవాను వశం చేసుకోవడంతో ముగిసిన కొంకణ దండయాత్ర కాలంలో, రాజధానిలోని ప్రత్యర్థులు సాయం అందనివ్వడం లేదని చెప్పుకున్న బాధ కూడా అందులో ఉన్నాయి. తన ఇక్కట్లను తీసివేయకుండా నమూనా గ్రంథంలోనే ఉంచడం వల్ల ఆ లేఖలు కేవలం అలంకారాల పుట్టగా కాక, రాజ్యం నడిపేవాడి నిత్యజీవితంగా చదువరికి కనిపిస్తాయి.

పుస్తకం ఎక్కడ అవసరమో, ఎక్కడ అవసరం లేదో తెలియాలంటే అదే ఊళ్లోని బిదిరీ పనిని చూడాలి. తుత్తునాగం అని తెలుగులో పిలిచే జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, నునుపు చేసి, మైలతుత్తం నీటితో తాత్కాలికంగా నల్లబరచి, ఆ నలుపుమీద ఉలితో పూలూ లతలూ చెక్కి, ఆ గాళ్లలో సన్నని వెండితీగను సుత్తితో అద్ది, చివరకు కోటలోని పాతమట్టిని నవాసాగరంతో కలిపి కాచిన నీటిలో వేస్తే, వెండి వెండిగానే నిలిచి తక్కిన లోహమంతా చెరగని నలుపు తేలుతుంది. ఆ మట్టి పనికివస్తుందో లేదో పనివాడు నాలుకమీద వేసుకుని రుచి చూసి చెబుతాడు. ఇటువంటి జ్ఞానం తండ్రి పక్కన కొడుకు, ఉస్తాదు పక్కన శిష్యుడు కూర్చుని నేర్చేది. చెయ్యి తప్పితే సరిదిద్దడానికి గురువు మూరెడు దూరంలోనే ఉంటాడు. పని కనుచూపు దాటి, బీదరులోని మాటను రాజమహేంద్రవరంలోని అధికారి పదిహేను రోజుల తరువాత చదివి అమలు చేయవలసి వచ్చినప్పుడే రాతకు శాస్త్రం, శాస్త్రానికి పుస్తకం అవసరమయ్యాయి. ఎన్నడూ ముఖం చూడని తోటివారు చదివి, దిద్ది, కొనసాగించవలసిన ప్రోగ్రాములు రాసే ఇంజనీరు ఈ విషయంలో బిదిరీ ఉస్తాదు కంటే దబీరుకే దగ్గరి చుట్టం.

ఆ చదువుకు ఇల్లుగా గవాన్ 1472 ప్రాంతంలో బీదరు మదరసాను కట్టించాడు. 205 అడుగుల పొడవు, 180 అడుగుల వెడల్పుతో మూడు అంతస్తులుగా, ఇరానీ పద్ధతిలో నిర్మించిన ఆ భవనంలో ఉపన్యాస మందిరాలు, మసీదు, ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ గదులు, వాటితోపాటు 3000 సంపుటాలున్న గ్రంథాలయం ఉండేవి. తూర్పు ముఖం రెండు కొసలా నిలిచిన మినార్లలో నేడు మిగిలినది ఒక్కటే; దానిమీద వంకర గీతలుగా పొదిగిన రంగు పెంకులు సగానికి పైగా రాలిపోయినా, మిగిలినచోట నీలం ఇంకా వెలవెలబోలేదు.

గవాన్ పతనం కూడా ఒక ఉత్తరంతోనే జరగడం దక్కను చరిత్రలో గుండె కలచివేసే ఘట్టాల్లో ఒకటి. చరిత్రకారుడు ఫిరిష్తా కథనం ప్రకారం, ఆయన సంస్కరణల వల్ల అధికారం తగ్గిన సర్దారులు ఆయన ముద్రను దాచే నౌకరును మంచి చేసుకుని, మడతపెట్టిన ఖాళీ కాగితం మీద ముద్ర వేయించి, దానిపైన ఒడిశా గజపతిని దండెత్తి రమ్మని పిలుస్తున్నట్టు రాసి, కొండపల్లి విడిదిలో ఉన్న సుల్తాను మూడో మహమ్మద్ షా చేతికి అందించారు. ముద్ర తనదేనని, రాత మాత్రం తనది కాదని వృద్ధమంత్రి చెప్పిన మాట ఆ వేళ చెవికెక్కలేదు. 1481 ఏప్రిల్ 5న కొండపల్లిలో ఆయనను చంపించారు. ఉత్తరం ఎలా రాయాలో, ఎవరికి ఏ మాట తగునో శాస్త్రం రాసినవాడు, ఒక్క నౌకరు చేతిలో ఉన్న ముద్ర విషయంలో కాపుదల లేక పోయాడు. కోటలకు పెట్టిన కట్టుబాటు సొంత ముద్రకు పెట్టలేకపోయాడు.

ఆయన సంపద కోసం వెతికించిన సుల్తానుకు కోశాధికారి ఇచ్చిన సమాధానంగా ఫిరిష్తా నమోదు చేసిన దాన్ని బట్టి, గవాన్ తన సొంత ఖర్చులకు వర్తకపు పెట్టుబడి మీద వచ్చే లాభాన్నే వాడుకునేవాడు, తక్కినది పేదలకు పంచేవాడు. ఔరంగజేబు బీదరును పట్టుకున్న తరువాత మదరసాలో సైనికులు విడిది చేశారు. నిల్వ ఉంచిన తుపాకిమందు 1696లో పేలి భవనంలో ఒక భాగం కూలిపోయింది. గ్రంథాలయపు సంపుటాలు చెదిరిపోయినా గవాన్ రాసినవి మిగిలాయి: ‘మనాజిరుల్ ఇన్షా’ను ఒట్టోమన్ రాజ్యంలోని లేఖకులు సైతం నకళ్లు రాసుకున్నారు, ‘రియాజుల్ ఇన్షా’ 1948లో షేక్ చాంద్ పరిష్కరణతో హైదరాబాదులో అచ్చయింది.