మోటుపల్లి యభయశాసనము

సముద్రము ఒడ్డునకు త్రోసిన సొత్తు ఎవ్వరిది? ఓడ తేలియున్నంతవఱకు సరకు వర్తకునిదే. ఓడ పగిలిన మఱుక్షణమున నది రాజు సొత్తగునా? ఈ ప్రశ్నకు మన తీరముననే యొక సమాధానము శిలపై చెక్కబడియున్నది.

చినగంజాము చేరువనున్న మోటుపల్లి నేడొక చిన్న పల్లె. 1970 వఱకు గుంటూరు జిల్లాలోను, పిదప ప్రకాశము జిల్లాలోను ఉండి, 2022లో బాపట్ల జిల్లాలో చేరినది. కాకతీయుల కాలమున నిది గొప్ప రేవు. ఇచ్చటి వీరభద్రాలయ స్తంభముపై గణపతిదేవ చక్రవర్తి శకవర్షము 1166న, అనగా క్రీ. శ. 1244-45లో, శాసనము వ్రాయించెను.

దాని సారాంశమిది: పూర్వరాజులు తుపానుచే పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలవంతముగా హరించుచుండిరి. ధనము ప్రాణముకంటెను మిన్నయని యెంచి కడలిపై సాహసించు వారియందు దయతో, కీర్తిని ధర్మమును కోరి, తాము నియతమైన సుంకము తప్ప సమస్తమును వారికే విడుచుచున్నాము. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొకవంతు. చందనము, కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, రాగి, పట్టునూలు మొదలగువానికి వేఱువేఱు రేట్లు చెప్పబడినవి.

ఇందు దయతోపాటు వివేకమును గలదు. పగిలిన యోడను దోచుకొన్న రాజునకు లాభ మొక్కసారియే. అభయమిచ్చిన రాజు రేవునకు ఓడలు మరల మరల వచ్చును. పదుమూడవ శతాబ్ది చివర మార్కోపోలో వర్ణించిన ముత్ఫిలి మోటుపల్లియే యని చరిత్రకారులు నిర్ణయించిరి. అచ్చటి వస్త్రములు సాలెగూడువలె సన్ననివని యాతడు మెచ్చుకొనెను.

ఇంగ్లండులో 1275లో చేసిన చట్టము, ఓడనుండి మనుష్యుడో, కుక్కయో, పిల్లియో ప్రాణముతో బయటపడినచో ఆ సొత్తును దిక్కులేనిదిగా నెంచరాదనియు, యజమాని ఏడాదిమీద నొకనాటిలోగా వచ్చి కోరవచ్చుననియు విధించెను. మన శాసనము దానికి ముప్పది యేండ్లు ముందటిది. ఆ దేశమే 1973లో, చరిత్ర ప్రాముఖ్యముగల మునిగిన యోడలను కాపాడుటకు వేఱొక చట్టము చేసికొన్నది.

సముద్రయానము పాతకమని విదేశములకు పోయివచ్చినవారిని వెలివేసిన పెద్దలు మనలో నుండిరి. వారు పూర్వాచారమును ప్రమాణముగా జూపిరి. కాని యీ శాసనము కడలి దాటువారిని దూషింపలేదు, వారికి అండ నిచ్చినది. అంతేకాదు, పూర్వరాజుల యాచారమైనను అన్యాయమైనచో విడువదగునని చాటినది.

ఆపద యొకని హక్కును హరింపదు. భర్త పోయిన స్త్రీ సొత్తును, తండ్రిలేని బిడ్డల భూమిని పగిలిన యోడ సరకువలె పంచుకొను బంధువులు నేటికిని లేకపోలేదు. వారి కీ ధర్మమును చదివి వినిపింపవలయును. దానిని మోయుచున్న ఆ స్తంభమును సైతము మనము పదిలముగా కాపాడుకొనవలయును.